రేపటి తారీఖు మనిషి

నాలుగింటికి కోర్టు. పోలీస్ స్టేషన్ గోడ గడియారంలో పదకొండుంపావు అయింది. బెంచీ చివర కూర్చున్న ఆ అమ్మాయి మామగారిని చంపిందన్న నేరం మీద జైలుకి పోకుండా ఉండాలంటే నత్త చేతిలో ఉన్నవి నాలుగుముప్పావు గంటలు. అందులో పావుగంట అత్తగారి ఏడుపుకే సరిపోయింది.

నత్త అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ కేసునైనా మెల్లగా, పాకినంత మేరా గీత గీసుకుంటూ పోయేవాడని తోటివాళ్ళు తగిలించారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినా పేరు మాత్రం వదల్లేదు. ఒకసారి ఈయన వెంటపడిన దొంగ మూడు వీధులు పరిగెత్తి, వెనక్కి చూసి, విసుగొచ్చి తనే తిరిగొచ్చి లొంగిపోయాడట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, చెప్పేవాళ్ళకి కొదవ లేదు.

"నా కోడల్ని నేను తిట్టుకుంటాను, నేను కసురుకుంటాను. అన్నం వండటం రాదంటాను, గిన్నె సరిగ్గా తోమలేదంటాను. మధ్యలో వీళ్ళెవరండీ దాన్ని 'ఏమే' అనడానికి?" అంటోంది నత్తని పిలిపించిన అత్తగారు. మొగుడు పోయి రెండు రోజులు కాలేదు. ఆవిడ ఏడుపంతా కోడలి కోసమే.

కోడలు ఏడవటం లేదు. ఏడాది కిందటే ఆ పని పూర్తి చేసినట్టు కూర్చుంది.

"రా బావా," అన్నాడు బల్ల వెనకనుంచి ఇన్‌స్పెక్టర్. నత్త చనిపోయిన భార్యకి స్వయానా తమ్ముడు. "ఆలస్యంగా రావడం నీకలవాటేగా. మా అక్క విషయంలో కూడా అంతే."

నాలుగేళ్ళ కిందట ఆస్పత్రికి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు నత్త. బావమరిది ఆ నలభై నిమిషాలనీ జేబులో పెట్టుకు తిరుగుతాడు, అవసరమైనప్పుడల్లా తీసి చూపిస్తాడు. నత్త కుర్చీ లాక్కున్నాడు.

"కేసు చెప్పు."

"కేసెక్కడుంది? అయిపోయింది. పోయినవాడు పేపరాఫీసు ముసలాయన, తారీఖుల తాత. నీకూ తెలుసు."

తెలియనిదెవరికి? దినపత్రికలో 'ఈ రోజున' అన్న శీర్షిక నలభయ్యొక్కేళ్ళుగా ఆయనదే. ఇదే రోజున ఏ రాజు పుట్టాడు, ఏ వంతెన తెరిచారు, ఏ ఓడ మునిగింది, ఏ శాస్త్రవేత్త పోయాడు, అన్నీ ఆయన నాలుక చివర ఉండేవి. పక్కింట్లో బిడ్డ పుడితే చూడటానికెళ్ళి, "ఇదే రోజున ఒక చక్రవర్తిని సొంత తమ్ముడే పొడిచాడమ్మా" అని చెప్పి, తల్లి చేతిలోంచి బిడ్డ జారినంత పని చేసిన ఘనుడు.

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. "పంతొమ్మిది ఉదయం తొమ్మిదింటికి పాత ఫైళ్ళ గదిలో నిచ్చెన కింద పడున్నాడు. తల వెనక దెబ్బ. పద్దెనిమిది సాయంత్రం అయిదుకీ ఎనిమిదికీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. బల్ల మీద ఇదిగో, ఆయన చేతిరాత."

చీటీ పైన '18' అని పెద్ద అంకె. కింద పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు. అంచున సన్నటి అక్షరాల్లో: 'ఆరింటికి కోడలు వచ్చింది. తిట్టింది. న్యాయమే.'

నత్త బెంచీ వైపు తిరిగాడు. "వెళ్ళావా అమ్మా?"

"వెళ్ళాను. పదిహేడున."

"పద్దెనిమిదని రాసుందిగా!" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"నన్ను మాట్లాడనివ్వు. ఎందుకెళ్ళావు?"

"పద్దెనిమిదికి మా ఆయన పోయి ఏడాది. కరెంటు స్తంభమెక్కి పని చేస్తుంటే పోయాడు. రేపటి పేపర్లో ఒక్క ముక్క వెయ్యండి మామయ్యా అని అడిగాను." ఆమె గొంతు నేలబారుగా సాగింది. "మనలాంటివాళ్ళ చావులు అందులో వెయ్యరమ్మా అన్నాడు. అప్పుడు తిట్టాను."

"ఏమని?"

"ఎప్పుడో గుర్రం మీంచి జారిపడ్డ రాజుకి ఏటేటా చోటు దొరుకుతుంది గానీ, నీ కడుపున పుట్టినవాడికి దొరకదా అన్నాను. నలభై ఏళ్ళు పెద్దవాళ్ళ శవాలు మోశావు, నీ కొడుకుని మోయడానికి నీకు భుజం లేకపోయిందా అన్నాను."

అత్తగారు ముక్కు చీదడం ఆపేసింది.

"విన్నావుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కోపం ఉంది, గొడవ ఉంది, చేతిరాత ఉంది. పద్దెనిమిది సాయంత్రం ఎక్కడున్నావంటే ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానంటుంది. అత్తేమో చెల్లెలింటికెళ్ళింది. ఆఫీసులో ఇంటివాళ్ళొస్తే రిజిస్టర్లో రాయరు, పక్క తలుపు లోంచి ఎవరొచ్చారో ఎవరు పోయారో దేవుడికే తెలియాలి. ఇంకేం కావాలి నీకు?"

"పదిహేడునే వెళ్ళుంటుంది," అంది అత్తగారు హఠాత్తుగా. "ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చుని, 'ఈరోజు పద్దెనిమిది, మనవాడు పోయి ఏడాది' అన్నాడు. రేపు కదండీ అన్నాను. 'మీకు రేపు, నాకు ఈరోజే' అన్నాడు. అన్నం ముట్టలేదు."

"ఆ రోజు బాధలో అన్నారా, ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే బాబూ! రేపటి పేపరు ఇవాళ రాసి రాసి మనిషే ఒక రోజు ముందుకి జరిగిపోయాడు. మా పెళ్ళిరోజుకి ముందురోజే చీర తెచ్చేవాడు. బ్యాంకులో సంతకం పెడితే తారీఖు దిద్దించి పంపేవాళ్ళు. రేపటి తుమ్ము ఇవాళే తుమ్మేవాడనుకోండి."

నత్త చీటీని మళ్ళీ చూశాడు. పద్దెనిమిదో తేదీ పేపర్లో రావలసిన చీటీ ఇది. అది తయారైంది పదిహేడు సాయంత్రం. తల మీద అంకె పేపరుది. అంచున రాసుకున్న మాట మనిషిది.

"ఈ అమ్మాయి నిజమే చెబుతోంది," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ పెద్దగా నవ్వాడు. "మొగుడి తిక్క గురించి పెళ్ళాం చెప్పింది సాక్ష్యమా బావా? జడ్జిగారి క్యాలెండర్లో పద్దెనిమిదంటే పద్దెనిమిదే. ఆయన రేపటి తారీఖు వేసేవాడని కాగితమ్మీద చూపించు. ఇప్పుడే వదిలేస్తాను."

"మాటేనా?"

"మాటే. మూడున్నరకి బండి కదులుతుంది."

"అయితే మీ రైటర్ని నాతో పంపు. ఏం దొరికినా ఆయన చేత్తోనే రాసుకుంటాడు. తర్వాత నేను సృష్టించానని అనకు."

స్టేషన్లో వాంగ్మూలాలు రాసే పెద్ద కానిస్టేబులే రైటరు. చెవి వెనక పెన్ను, చంకలో పుస్తకం. పాతికేళ్ళలో ఎవరేం చెప్పినా కామా కూడా వదలకుండా రాసిన మనిషి. ఒకతను వాంగ్మూలం మధ్యలో ఆవులిస్తే 'ఇక్కడ ఆవులించాడు' అని కూడా రాశాడంటారు.

* * *

పేపరాఫీసుకి చేరేసరికి పన్నెండున్నర. దారిలో నత్త పద్దెనిమిది, పంతొమ్మిది తారీఖుల పేపర్లు రెండూ కొన్నాడు. ఎడిటర్ గది నిండా వాడిన పూలదండలు. పంతొమ్మిదిన పత్రిక పెట్టిన పెద్దాయన నూరో జయంతి జరిపారు. గోడ మీద ఆయన నిలువెత్తు పటం. కింద ఎడిటర్, పటానికి ఫ్రేములాగే బిగుసుకుని ఉన్నాడు.

"పంతొమ్మిదో తారీఖు 'ఈ రోజున' ఎవరు రాశారండీ?" అన్నాడు నత్త, కూర్చోమనకుండానే కూర్చుని.

"ఆయనే. పద్దెనిమిది సాయంత్రం అయిదింటికి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు."

నత్త పద్దెనిమిదో తారీఖు పేపరు విప్పాడు. "మరణం, ఒక మహారాణి. మరణం, ఒక నావికుడు. మరణం, చెప్పులు కుట్టే యంత్రం కనిపెట్టినవాడు." రెండో పేపరు విప్పాడు. "ఇక ఇది వినండి. మహారాజుగారు పరమపదించిన రోజు. మహాకవి అస్తమయం. సర్కస్ ఆటగాడు మృతి."

"అయితే?"

"రాజు పరమపదించాడు. కవి అస్తమించాడు. సర్కస్ వాడు పాపం, ఉత్తినే మృతి చెందాడు. నలభయ్యొక్కేళ్ళు ఆయన ఒక్క మాటే వాడాడండీ. రాణికైనా, చెప్పులు కుట్టేవాడికైనా మరణమే. ఆ ఒక్క రోజు ఆయనకి మనుషుల మధ్య అంత తేడా ఎలా తెలిసొచ్చింది?"

"భాషని మెరుగుపెట్టడం సంపాదకుడి పని."

"మెరుగుపెట్టారా, మొత్తం మీరే రాశారా?"

ఎడిటర్ వాడిన దండనొకదాన్ని పక్కకి జరిపాడు. రైటరు పెన్ను గీరుతున్న చప్పుడు వినిపించింది.

"ఆయన ఏం రాసుకుంటున్నాడు?"

"మీరు మాట్లాడకపోతే, మాట్లాడలేదని రాసుకుంటాడు."

ఎడిటర్ మొహం ఎర్రబడింది. "సరే. నేనే రాశాను. ఆయనిచ్చినది వెయ్యదగ్గది కాదు. పెద్దాయన పుట్టినరోజున, అదీ నూరేళ్ళ పండగనాడు, ఎప్పటెప్పటి చెత్తనో తవ్వి తెచ్చాడు. చించేశాను. అది నేరమా?"

"ఏం చెత్త?"

"చించేశానని చెప్పానుగా."

"చించేముందు చదివారు. చదివాక ఏం చేశారు? చించి ఊరుకునే మొహం కాదు మీది. ఎవరికో ఫోన్ చేసి ఏడ్చే మొహం."

ఆ దెబ్బకి ఎడిటర్ లేచి నిలబడ్డాడు. "చేశాను! అయిదుంపావుకి చేశాను. ఆ వ్యవహారం ఎవరి హయాంలో జరిగిందో వాళ్ళనే వచ్చి ఆయనకి నచ్చజెప్పుకోమన్నాను."

"ఎవరు?"

అంతవరకూ ఉడికిపోతున్న మనిషి ఉన్నట్టుండి చల్లబడ్డాడు. నత్తని పైనుంచి కిందిదాకా చూసి, పెదవి ఒక పక్కకి లాగి నవ్వాడు. "అది మీరడగకపోతేనే మంచిది. మాకు కాదు, మీకు."

ఇంకెంత గుచ్చినా అంతకు మించి ఒక్క మాట రాలలేదు.

* * *

పాత ఫైళ్ళ గది వెనక వైపు. ఒంటిగంటన్నర అయింది. గోడల వెంట తోలు అట్టలు కట్టిన సంపుటాలు, చక్రాల నిచ్చెన, నేల మీద సుద్దగీత. నిచ్చెన చక్రాలకి బిగింపు వేసే ఉంది. బిగించిన నిచ్చెన దానంతటది జారదు. నత్త మెట్టు మెట్టు ఎక్కి చూసి, రైటరు చేత అది రాయించాడు.

బల్ల మీద తెరిచి ఉన్న సంపుటం నలభై రెండేళ్ళ కిందటిది. అదే నెల. పంతొమ్మిది ఉంది. ఇరవై లేదు. బ్లేడుతో మొదలంటా కోసేశారు.

కిటికీ పక్క గోడంతా ఆక్రమించి ఒక చెక్క బీరువా. దానికి మూడువందల అరవై ఆరు చిన్న చిన్న సొరుగులు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఒక్కో సొరుగులో ఆ రోజున ప్రపంచంలో జరిగినవన్నీ చీటీల మీద. తాత తప్ప ఇంకొకరు తెరిస్తే సొరుగు కరుస్తుందని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు.

నత్త ఈ నెల పంతొమ్మిది లాగాడు. లోపల ఖాళీ. దులిపినట్టు ఖాళీ.

"ఎవరో ముందే వచ్చిపోయారు సార్," అన్నాడు రైటరు.

నత్త వెనక్కి నాలుగడుగులు వేసి కుర్చీలో కూలబడి బీరువాని చూస్తూ కూర్చున్నాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. రైటరు 'సార్ చూస్తున్నారు' అని రాసి, ఏం చేయాలో తెలీక కింద గీత కొట్టాడు.

అప్పుడు లేచాడు నత్త. "ఈ నెల తర్వాతి సొరుగుల పిడులన్నీ చూడండి. ఇంకా వంతు రాలేదు, దుమ్ముంది. వంతు అయిపోయినవాటి మీద ఎంత పాతదైతే అంత దుమ్ము. సరేనా?"

"సరే సార్."

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఈ ఏడు లేదు. పోయిన ఏడూ లేదు. దాన్ని ముట్టుకునే పని రెండేళ్ళుగా ఎవరికీ లేదు. మరి దాని పిడి అద్దంలా ఎందుకుంది?"

లాగితే సొరుగు బిర్రుగా వచ్చింది. లోపల ఒకే ఒక్క కాగితం. కార్బన్ కింద తీసిన నకలు. పైన '19'.

*ఇదే రోజున, నలభై రెండేళ్ళ కిందట, పెద్దాయన పుట్టినరోజు ప్రత్యేక సంచిక అచ్చవుతుండగా పాత ప్రెస్సులో మంటలు. పని పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదని పెద్దాయన బయట తాళం వేయించాడు.*

కింద ఏడు పేర్లు. పేరు పక్కన పని: కంపోజిటరు, కంపోజిటరు, కంపోజిటరు, కంపోజిటరు, బైండరు, మిషన్‌మన్, టీ తెచ్చిన మనిషి. ఏడు పేర్లకీ విడివిడిగా ఏడుసార్లు: మరణం. మరణం. మరణం.

*ఎనిమిదోవాణ్ణి నేను. చుట్ట కాల్చుకోవడానికి తాళం పడకముందే బయటికొచ్చాను. నోరు మూసుకున్నందుకు ఈ కుర్చీ ఇచ్చారు. ప్రాణనష్టం లేదని, ఏడుగురూ పని మానేసి ఊరొదిలిపోయారని పోలీసు రిపోర్టు. రిపోర్టు కింద సంతకం...*

ఆ పేరు నత్త రెండోసారి చదవలేదు. తన పెళ్ళి శుభలేఖ మీద, అమ్మాయి తండ్రి అని అచ్చయిన పేరు అది. కూతురు పోయాక ఒంటరివాడయ్యాడని నత్త తన ఇంటికే తెచ్చి పెట్టుకున్న, పోలీసుగా రిటైరైన మామగారి పేరు. రోజూ ఉదయం ఎదురుగా కూర్చుని, "చక్కెర తక్కువైంది అల్లుడూ" అనే మనిషి.

కార్బన్ నీలం కింద, అడుగున, పెన్నుతో తర్వాత చేర్చిన ఒక వాక్యం నల్లగా ఉంది: 'ఈరోజు ఆరున్నరకి తనే వస్తానని ఫోన్ చేశాడు. రానీ. కోడలు తిట్టాక నాకింక ఎవరి భయమూ లేదు.'

"ఏమైంది సార్? మొహం అలా అయిపోయింది?"

"చదివి రాసుకోండి," అన్నాడు నత్త. "కామా కూడా వదలకండి."

* * *

మూడింటికి పది నిమిషాలుందనగా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఎడిటర్ ఫోన్ చేసి ఉంటాడు. రైటరు చేతిలో కాగితం చూశాడు, చదివాడు. మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసు."

"నిన్న పొద్దున చెప్పాడు నాన్న," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "నెట్టలేదు బావా. కాగితం లాక్కోబోతే ముసలాయన నిచ్చెన మీంచి చెయ్యి పట్టుకున్నాడట, నాన్న విదిలించుకున్నాడట. డెబ్బై ఏడేళ్ళ మనిషి. ఇప్పుడు జైల్లో వెయ్యమంటావా?"

"ఆ పిల్లకి ఇరవై ఆరు. ఆమెని వెయ్యమంటావా?"

"నెలకో రెండు నెలలకో సాక్ష్యం చాల్లేదని నేనే బయటికి తెస్తాను. ఈ కాగితం మాత్రం నాకిచ్చెయ్." అని, గొంతు పెంచి రైటరుకి వినపడేలా అన్నాడు: "అయినా దీంట్లో ఏముంది? పైన పంతొమ్మిదని ఉంది. 'ఈరోజు ఆరున్నరకి' అంటే పంతొమ్మిది ఆరున్నర. పద్దెనిమిదిన చచ్చినవాడి దగ్గరికి పంతొమ్మిదిన ఎవరొస్తే ఏంటి?"

రైటరు మెల్లగా దగ్గాడు. "సార్, పంతొమ్మిది సాయంత్రం ఆరున్నరకి ఆయన మార్చురీలో ఉన్నారు. చచ్చినవాడు 'ఈరోజు వస్తానన్నాడు' అని ఎలా రాస్తాడు సార్?"

నత్త ఆ కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"అది కాగితమ్మీద చూపించమన్నావు," అన్నాడు నత్త. "పంతొమ్మిదని వేసి పద్దెనిమిదిన రాశాడు. అలాగే పద్దెనిమిదని వేసి పదిహేడున రాశాడు. ఆ పిల్ల వెళ్ళింది పదిహేడునే. వదిలేస్తానని మాటిచ్చావు."

"వదిలితే నాన్న లోపలికెళతాడు."

"తెలుసు."

"తెలీదు నీకు!" ఇన్‌స్పెక్టర్ కళ్ళు నిండాయి, కోపంతోనో మరి దేనితోనో. "వస్తానన్నాడని రాసుంది గానీ వచ్చాడని లేదు. పద్దెనిమిది సాయంత్రం నాన్న నీ ఇంట్లో ఉన్నాడు. నువ్వొక్క మాట అంటే చాలు, ఆ కాగితం చిత్తు కాగితం. మా అక్కకి ఎలాగూ ఏం చెయ్యలేకపోయావు. మా అక్కని కన్నవాడికైనా చెయ్యి."

నత్త కిటికీలోంచి బయటికి చూశాడు. పద్దెనిమిది సాయంత్రం ఏడూ నలభైకి తలుపు చప్పుడైంది. తీస్తే మామగారు. "అలా నడిచొచ్చాను అల్లుడూ, కాసిని వేణ్ణీళ్ళు పెట్టు" అన్నాడు. ఆ వేణ్ణీళ్ళు తనే పెట్టాడు. వణుకుతున్న చేతులు పట్టుకుని, చలేస్తోందా మామయ్యా అని తనే తుడిచాడు. తువ్వాలు మీద గోధుమరంగు మరక చూసి, తుప్పనుకుని తనే ఉతికి ఆరేశాడు.

నలభై నిమిషాల ఆలస్యం కన్నా పెద్ద ఆలస్యాలు ఉంటాయని అతనికి ఇప్పుడు తెలిసింది.

"రాసుకోండి," అన్నాడు రైటరుతో. "పద్దెనిమిదో తారీఖు, అంటే నిజం పద్దెనిమిదో తారీఖు, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడూ నలభై దాకా ఆయన ఇంట్లో లేరు. వచ్చినప్పుడు తలుపు తీసింది నేను."

"బావా..."

"చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది నేను. మరకైన తువ్వాలు నా ఇంట్లో ఉంది. ఉతికింది కూడా నేనే, అదీ రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ గోడకి చేరగిలబడ్డాడు. రైటరు పెన్ను ఆగలేదు. పుట చివరికొచ్చాక, అలవాటు కొద్దీ తలెత్తకుండా అడిగాడు.

"ముద్దాయి సాక్షికి ఏమవుతారు సార్?"

"మామ."

"మామంటే మేనమామా, పిల్లనిచ్చిన మామా సార్? స్పష్టంగా రాయాలి."

నత్త బావమరిది వైపు చూడలేదు.

"పిల్లనిచ్చిన మామ."